పేరు రాయని సీడీ

అమలాపురంలో అద్దెకు దిగేటప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. భర్తతో విడిపోయి అప్పటికి నాలుగేళ్ళు. పెద్ద గొడవలేమీ జరగలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ముందు మాట్లాడుకోవడం మానేశాం, తర్వాత ఒకే ఇంట్లో ఉండటం కూడా మానేశాం. ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అందుకే అడిగినవాళ్ళకి అనుమానం తీరకపోగా పెరిగేది.

ఉద్యోగం మామిడికుదురు దాటాక ఒక పల్లెలో, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులిచ్చే గది. ఆ గదికి చిన్న కిటికీ. పొద్దున్నుంచీ ఆ కిటికీలోంచి చేతులు వస్తాయి, చీటీలు వస్తాయి. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక" అని నేనంటాను. "ఆయ్, అలాగేనండి" అని వాళ్ళంటారు. రోజుకి వందమందితో మాట్లాడతాను, కానీ ఆ వంద మాటలూ ఒకే మాట. సాయంత్రం బస్సెక్కి వంతెన దాటి అమలాపురం వచ్చేస్తే, మర్నాడు పొద్దున్న కండక్టరు టిక్కెట్టు అడిగేదాకా నా నోట్లోంచి ఇంకో మాట వచ్చే అవసరం ఉండేది కాదు.

ఒక సోమవారం కండక్టరుకి ఊరి పేరు చెప్పబోతే గొంతు పెగల్లేదు. జలుబేమో అనుకున్నాను. లెక్క చూసుకుంటే శనివారం మధ్యాహ్నం తర్వాత నేను ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు అరిగిపోయి కాదు, వాడకపోవడం వల్ల మూగబోయింది. ఆ సంగతి గుర్తుపట్టినప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ వైపు తిరిగి ఏదో ఒకటి అడగాలనిపించింది. ఏమడగాలో తోచలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో మనిషి గొంతు వినపడాలని ఒక సీడీ ప్లేయరు కొనుక్కున్నాను. దానికి రెండు చిన్న స్పీకర్లు, కింద పెట్టుకోవడానికి, లోతు శబ్దాలు పలికే ఒక నల్లటి వూఫర్ పెట్టె. ఏడాది తిరక్కుండా ఆ వూఫర్ గరగరలాడటం మొదలుపెట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని గడియారస్తంభం దగ్గర ఒక సీడీల షాపుకి తీసుకెళ్ళాను. ఆ షాపాయన సీడీలు అమ్ముతూనే రిపేర్లు కూడా చేసేవాడు. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాల ఒక కాడకి దారం కట్టి ఉండేది.

ఆయన పెట్టె విప్పి, ఊడిన వైరేదో అతికించి, "ఇప్పుడు చూద్దామండి" అని సొరుగులోంచి ఒక సీడీ తీసి పెట్టాడు.

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత నా చేతి కింద ఉన్న గాజుబల్ల సన్నగా వణకడం తెలిసింది. బల్ల మీద విప్పి పెట్టిన మరమేకులు ఒక్కొక్కటే జరుగుతున్నాయి. అప్పుడు వినపడింది. వినపడింది అనడం కూడా సరికాదు, అరికాళ్ళ నుంచి మోకాళ్ళలోకి వచ్చింది. లోతుగా, బరువుగా, ఆగకుండా ఒక మోత. దాని మీద ఎక్కడో దూరంగా తలుపు తట్టినట్టు ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. తర్వాత అన్నీ ఒక్కసారిగా కలిసి పరుగందుకున్నాయి. పాడే గొంతు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"బాగైపోయిందండి," అని ఆయన ఆపేశాడు.

"ఏంటండీ అది?"

"వూఫర్లు చెకింగ్ చేయడానికి వాడతానండి. దీనికి తట్టుకుందంటే ఇంక దేనికైనా తట్టుకుంటుందండి."

"ఎవరిదది? ఏ కంపెనీ?"

"కంపెనీ లేదు, ఏం లేదండి. ఎవరో మేడం గారండి, మామిడికుదురు దగ్గర నగరం అనే ఊరి నుంచి వస్తారు. సొంతంగా చేసేరంటండి కంప్యూటర్లో. అమ్మిపెట్టమని పది ఇచ్చేరు. ఒక్కటీ కదల్లేదండి. పాట లేదు కదాండి మరి, జనం ఏం పెట్టుకు వింటారు?"

ఒకటి నాకివ్వమన్నాను. ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, తుడిచి ఇచ్చాడు. సీడీ మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు రాసి ఉన్నాయి. పేరు లేదు. ఊరు లేదు. ఒక్క పాటకైనా పేరు లేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే పెట్టాను. మొదటిది మెల్లగా సాగింది, పక్కింట్లో ఎవరో అటుకులు దంచుతున్నట్టు. రెండోది, మూడోది హుషారుగా ఉన్నాయి, గుండె కంటే కొంచెం వేగం. షాపులో విన్నది నాలుగోది. అందులో మొదటి నిమిషమంతా ఆ మోత ఒక్కటే. చెవి పెడితే దొరకదు, వదిలేస్తే వస్తుంది. పడుకుని నేల మీద చెయ్యి ఆనించి విన్నాను. ఎవరో ఇంట్లో ఉన్నట్టు అనిపించింది. మాట్లాడటానికి వచ్చిన మనిషి కాదు. పక్క గదిలో తన పని తను చేసుకుంటూ ఉండే మనిషి.

ఆ రోజు నేను అలాగే గచ్చు మీద నిద్రపోయాను.

తర్వాత వారమంతా సాయంత్రాలు అదే విన్నాను. ఒకరోజు అయిదున్నరకి, ఇంకా వెలుతురు ఉండగానే, తలుపు గడియ వేసి, కిటికీ రెక్కలు మూసి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఆ రెండో పాటకి గంతులేశాను. గంతులే, దాన్ని నాట్యం అనను. ముప్ఫై ఆరేళ్ళలో నేను మనుషుల ముందు గానీ ఒంటరిగా గానీ అలా కాళ్ళు కదపలేదు. అద్దం ముందుకి మాత్రం వెళ్ళలేదు. పాట అయ్యేసరికి ఒళ్ళంతా చెమట, నవ్వు, ఆ వెనకే ఎందుకో ఏడుపు. అప్పుడే ఎవరో తలుపు కొట్టారు.

పై వాటాలో ఉండే ఇంటావిడ. అరవై ఏళ్ళుంటాయి, నేను పిన్నిగారూ అనేదాన్ని.

"అమ్మాయ్, మా వంటింటి అలమారలో గ్లాసులు వాటంతటవే నడుస్తున్నాయి. ఏం చేస్తున్నావమ్మా కింద?"

"పాటలు వింటున్నానండి."

ఆవిడ లోపలికి తొంగిచూసింది. "పాటలా? మరి పాడేవాళ్ళేరీ?"

నవ్వేశాను. ఆవిడ నా చెమట, బొడ్లో దోపిన కుచ్చిళ్ళు చూసి ఇంకేమీ అడగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి వూఫర్ కింద బొంత మడిచి వేశాను.

కానీ ఆ సీడీ చేసిన మనిషి ఎవరో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం పోలేదు. నగరం మా ఆసుపత్రికి ఎంతో దూరం కాదు. అటునుంచి వచ్చే ఆడవాళ్ళెందరికో నేను రోజూ మాత్రలిస్తున్నాను. చీటీ అందించే ప్రతి చెయ్యీ చూసి ఈ చెయ్యేనేమో అనుకునేదాన్ని. చివరికి షాపాయన దగ్గరికే వెళ్ళి ఆవిడెప్పుడు వస్తుందని అడిగాను.

"ఖాళీ సీడీల కోసం ఎప్పుడో వస్తారండి. నెలకో, రెండు నెలలకో."

ఆయన దగ్గరే కాగితం అడిగి ఇలా రాశాను: 'నాలుగో దాంట్లో మొదట వచ్చే మోత ఏమిటండీ? అది విన్న రోజు నాకు చాలా కాలానికి బాగా నిద్ర పట్టింది.' కింద నా పేరు, నేను పనిచేసే ఆసుపత్రి రాసి, ఆవిడ వస్తే ఇమ్మన్నాను. ఇంటికి నడిచి వస్తూ సిగ్గుపడ్డాను. ముక్కూ మొహం తెలియని మనిషికి నా నిద్ర సంగతి ఎందుకు రాసినట్టు?

రెండు నెలలు గడిచాయి. వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం గది మూసేవేళ కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చి నిలబడింది. ముప్ఫై లోపే ఉంటుంది. తడిసిన గొడుగు, చేతిలో చీటీ లేదు.

"చీటీ రాయించుకు రావాలమ్మా," అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందండి. మీరు నాలుగోదాని గురించి అడిగేరంటండి."

నా చేతిలో ఉన్న మాత్రల డబ్బా కింద పెట్టేశాను. ఆవిడ కిటికీ చువ్వల దగ్గరికి వంగింది.

"నిద్ర పట్టిందని రాసేరు. నిజంగా పట్టిందాండి?"

"నిజంగానే."

ఆవిడ గొడుగు ముడుస్తూ, "రైసుమిల్లండి అది," అంది.

ఆ చెప్పిన పద్ధతికి నాకు నవ్వొచ్చింది. ఆవిడ కూడా నవ్వింది. గది తాళం వేసి బయటికొచ్చి, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, వాన తగ్గేదాకా మాట్లాడుకున్నాం. ఆ రోజు నా బస్సు తప్పిపోయింది.

ఆవిడ మండపేటలో పుట్టింది. తండ్రి రైసుమిల్లులో మిషను నడిపేవాడు. మిల్లు వెనకే వాళ్ళ ఇల్లు. పుట్టిన దగ్గర్నుంచీ పెళ్ళయ్యేదాకా ఆ మోతలోనే తిన్నది, చదివింది, పడుకుంది. చర్చిలో కీబోర్డు నేర్చుకుంది. పెళ్ళయి నగరం వచ్చింది. మూడో నెలలో భర్త కువైట్ వెళ్ళిపోయాడు. ఇంట్లో తనూ అత్తగారూ మిగిలారు. చుట్టూ కొబ్బరితోట.

"ఎంత నిశ్శబ్దమోనండి," అంది ఆవిడ. "అందరూ ప్రశాంతంగా ఉంటుంది, అదృష్టం అన్నారు. నాకేమో కళ్ళు మూతపడేవి కాదు. మా అమ్మతో చెబితే, మొగుడు గుర్తొస్తున్నాడులే అని నవ్వింది. ఆయన కాదండి బాబూ, మిల్లు గుర్తొస్తుంది అంటే నమ్మదే!"

భర్త పంపిన టేపు రికార్డరు పట్టుకుని పుట్టింటికెళ్ళి, మిల్లు నడుస్తుంటే గోడకి ఆనించి కేసెట్టు రెండు వైపులా నింపుకొచ్చింది. మాట్లాడుకోవడానికని భర్త కంప్యూటరు కొనిపెట్టాక, ఆ కేసెట్టులోని మోతని వైరు పెట్టి అందులోకి ఎక్కించింది. సంగీతం చేసుకునే ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్ల సెంటరులో ఎవరో వేసి ఇచ్చారు. నేర్పినవాళ్ళు లేరు. మూడేళ్ళు తడుముకుంటూ ఏడు పాటలు చేసింది.

బుధవారాలు మధ్యాహ్నం పని అయ్యాక వాళ్ళింటికి వెళ్ళడం అలా మొదలైంది. సున్నం వేసి రంగు వేయని డాబా. ముందు గదిలో అత్తగారు కూర్చుని కొబ్బరాకుల్లోంచి చీపురు పుల్లలు చీరుతూ ఉండేది. నన్ను చూసి, "ఆసుపత్రి మేడం గారొచ్చేరు, రండమ్మా" అని కుర్చీ వేసేది. కోడలు కంప్యూటరు కోర్సేదో చదువుతోందని ఆవిడ నమ్మకం. లోపలి గదిలో కంప్యూటరు మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉండేది. దాన్ని తీసి మడిచి, ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టి, ఆవిడ నా మొహం చూస్తూ కూర్చునేది.

"ఇక్కడ బరువెక్కువైందా అక్కా?"

"ఎక్కువే. కానీ తియ్యొద్దు."

మొదట మేడం అన్నది ఎప్పుడు అక్కా అయిందో గుర్తులేదు. మేము సంగీతం తప్ప పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. నాకు సంగీతం గురించి తెలిసిందీ లేదు. అయినా వారంలో ఆ రెండు గంటలు ఒక మనిషి నా మొహంలోకి చూసి నాకేమనిపిస్తోందో తెలుసుకోవాలని చూసేది. అంతకు ముందు నన్నెవరూ అలా చూడలేదు. బుధవారం కోసం మంగళవారమే జాకెట్టు ఇస్త్రీ చేసుకునేదాన్ని.

ఆ సీడీలని కేసెట్ల కంపెనీలకు పంపిందట. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం ఫోన్ చేసి, "దరువు బాగుందమ్మా, దీని మీద ఎవరిచేతైనా భక్తి పాటలు పాడించి తెస్తాం" అన్నాడట.

"ఏమన్నావ్?"

"వద్దండీ అన్నాను. గొంతు పెడితే ఇంక మిల్లు ఎవరికి వినపడుద్దక్కా?"

ఒక్కసారైనా పెద్ద బాక్సుల్లో వినాలని ఆవిడ కోరిక. పెళ్ళిళ్ళకి, తీర్థాలకి, జాతరలకి పెట్టే మనిషంత ఎత్తు బాక్సులు. రాజోలులో సౌండ్ సర్వీస్ నడిపే ఒకాయన నా దగ్గర బీపీ మాత్రలు తీసుకునేవాడు. ఆయన్నడిగాను. కొత్త బాక్సులొచ్చాయి, ఎలాగూ ఒకసారి మోగించి చూడాలి, గురువారం పన్నెండింటికి తీసుకురమ్మన్నాడు. నేను సెలవు పెట్టాను.

షెడ్డు ముందు నాలుగు బాక్సులు నిలబెట్టారు. సీడీ నా చేతికిచ్చి, ఆవిడ రోడ్డు దాటి అవతల కూల్‌డ్రింకుల కొట్టు పక్కన గొడుగు వేసుకుని నిలబడింది.

"ఇటు రావేం?" అన్నాను.

"నేనని తెలియకూడదక్కా. ఎవరైనా మా అత్తగారితో అంటే అంతే సంగతులు."

నాలుగోది పెట్టించాను. షెడ్డు రేకులు ముందు అదిరాయి. కొబ్బరికాయలు వొలుస్తున్న నలుగురు పని ఆపేశారు. రెండు ఆటోలు ఆగాయి. చేపలమ్మి తిరిగొస్తున్న ఒక ముసలావిడ గంప దించి, బాక్సుకి అరచెయ్యి ఆనించి చూసి, వెంటనే తీసేసి, మళ్ళీ ఆనించింది. దరువు మొదలయ్యాక వొలుపుల వాళ్ళలో ఒకాయన తలగుడ్డ తీసి గాల్లో తిప్పాడు. మిగతావాళ్ళు నవ్వారు, కానీ వాళ్ళ కాళ్ళూ ఊరుకోలేదు.

ఆటోలో కూర్చున్నాయన అరిచి అడిగాడు, "ఏ సినిమాలోదండీ?"

"సినిమాలోది కాదు. ఇక్కడిదే," అని నేనూ అరిచాను.

రోడ్డవతల ఆవిడ మొహం గొడుగు నీడలో సరిగ్గా కనపడలేదు. మిగతా ఆరూ కూడా మోగించి ఆపేదాకా అలాగే నిలబడింది. దారిన పోయేవాళ్ళు ఆవిడ ముందు నుంచి, వెనక నుంచి నడిచిపోతూనే ఉన్నారు. బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. నగరం దగ్గర పడుతుండగా, "మా నాన్న ఉండుంటే బావుండేదక్కా" అంది. తండ్రి పోయాడన్న సంగతి నాకు అప్పటిదాకా చెప్పలేదు.

ఆ తర్వాత ఎనిమిదో పాట మొదలుపెట్టింది. అది సగంలో ఉండగా భర్త నుంచి కబురొచ్చింది. ఫ్యామిలీ వీసా వచ్చింది. నెలలోపు బయల్దేరాలి.

ఆ బుధవారం నేను వెళ్ళేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన అయిదేళ్ళలో భర్తతో ఉన్నది లెక్కపెడితే ఆరు నెలలు. సంతోషించకుండా ఎలా ఉంటుంది? నేను కూడా సంతోషంగా మాట్లాడాను. అక్కడికి తీసుకెళ్ళాల్సిన మందుల జాబితా రాసిచ్చాను. అత్తగారు కూతురి దగ్గరికి, కాట్రేనికోన వెళ్ళిపోతోంది. కంప్యూటరు ఆడపడుచు పిల్లలకి ఇచ్చేస్తున్నారు.

"మరి ఎనిమిదోది?" అన్నాను.

"అక్కడికెళ్ళాక చూద్దాంలే అక్కా. అక్కడ రోజంతా ఏసీలు మోగుతూనే ఉంటాయంటండి. ఆయన చెప్పేరు. ఇంక నిద్రకి ఇబ్బంది ఉండదు."

ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ మాట దగ్గర మనసు ఆగిపోయింది. నాకది పాట. ఆవిడకి నిద్రమాత్ర. జబ్బు తగ్గాక మాత్ర ఎవరు వేసుకుంటారు? ఆ సంగతి నాకంటే బాగా తెలియాల్సినవాళ్ళెవరు!

బయల్దేరే రోజు వాళ్ళ ముంగిట్లో కారు, బంధువులు, ప్రార్థన చేయడానికొచ్చిన పాస్టరు గారు. జనం మధ్యలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. ఎవరో పిలిచారు. కారు వెళ్ళిపోయాక అత్తగారు నన్ను భోజనం చేసి వెళ్ళమంది. డ్యూటీ ఉందని చెప్పి వచ్చేశాను. నిజానికి ఆ రోజు సెలవు పెట్టాను.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం పని అయ్యాక ఏం చేయాలో తెలియలేదు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. ఇంటికెళ్ళి సీడీ పెడితే మొదటిసారి అందులో మిల్లు వినపడింది. అంతకు ముందు ఎవరో పక్క గదిలో ఉన్నట్టుండేది. ఇప్పుడు అది ఉత్త మిల్లు మోత, ఆ గది ఖాళీ అయిపోయింది. ఆపేశాను.

ఆర్నెల్ల తర్వాత ఆసుపత్రి ఫోనుకి ఆవిడ ఫోన్ చేసింది. గొంతు కొంచెం లావెక్కినట్టుంది. తనిప్పుడు నెల తప్పిందని చెప్పింది. వేసుకోవాల్సిన మాత్రలు అడిగింది. చెప్పాను. చివర్న ఉండబట్టలేక అడిగాను.

"చేస్తున్నావా ఏమైనా?"

"లేదక్కా. ఎందుకో రావట్లేదు. పడుకుంటే చాలు నిద్ర పట్టేస్తోంది." తర్వాత తనే, "మీకు పడుతోందా?" అంది.

"పడుతోంది," అన్నాను.

అబద్ధం చెప్పానని ఆవిడకి తెలిసే ఉంటుంది. కిటికీ దగ్గర చీటీలు పట్టుకుని జనం నిలబడ్డారు, లైను కట్ అయింది.

తర్వాత నన్ను కొత్తపేట బదిలీ చేశారు. పాప పుట్టిందని, ఇంకా కొన్నాళ్ళకి మరో పాప పుట్టిందని కబుర్లు తెలిశాయి. రెండుసార్లు తనే ఫోన్ చేసింది, ఒకసారి నేను చేశాను. ప్రతిసారీ ఎనిమిదో పాట పూర్తి చెయ్యమని అడగాలని నాలిక చివరిదాకా వచ్చేది. అడగలేదు. అడిగితే ఆవిడకి మళ్ళీ నిద్ర పట్టకూడదని కోరుకున్నట్టే కదా. పిల్లల ఆరోగ్యం అడిగేదాన్ని, అక్కడ ఎండలెలా ఉన్నాయని అడిగేదాన్ని. ఆవిడ చెప్పినవన్నీ విని, జాగ్రత్తమ్మా అని ఫోన్ పెట్టేసేదాన్ని.